పదకొండు అలకలు

ఫిబ్రవరి 6, మంగళవారం

ముసలామె అబద్ధం చెబుతోంది. ఎందుకో తెలియదు గాని చెబుతోంది.

మొలో పేటలో చర్చి వెనక సందు. ముందుగదే వంటగది, అదే దుకాణం, పిల్ల ఆడుకునేదీ అక్కడే. ఈసాయ్‌కి రెండేళ్ళ మూడు నెలలు, ఇంకా ఒక్క మాట రాలేదు. తల్లి తైవాన్‌లో ఏదో కార్ఖానాలో పనిచేస్తోంది. పెంచేది అమ్మమ్మ. వీధంతా ఆమెను లోలా పాసింగ్, అంటే పాసింగ్ అమ్మమ్మ, అనే పిలుస్తుంది, నేనూ అలాగే పిలిచాను. లేత కొబ్బరాకు చుట్టల్లో జిగురు బియ్యం కూరి, ఎర్రదారంతో కట్టి, ఉడికించి అమ్ముతుంది. ఆ ఇబోస్‌లకి మొలోలో మంచి పేరుందట. నేనున్న గంటన్నరలో ఆమె చేతులు ఒక్క నిమిషం ఖాళీగా లేవు. ఎక్కడ కూర్చోవాలో మూతితోనే చూపించింది, చెప్పులు ఎక్కడ విడవాలో కూడా మూతితోనే.

"పిల్ల తనకి కావలసింది మీకు చూపిస్తుందా లోలా?" అని అడిగాను.

"చూపించకేం ఇండే! రోజంతా చూపిస్తూనే ఉంటుంది. ప్రాణం తీస్తుందనుకో."

ఇండే అంటే అమ్మాయీ అని. ముప్ఫై ఆరేళ్ళదాన్ని, తొమ్మిదేళ్ళు శిశువిహారంలో పాఠాలు చెప్పి ఇప్పుడు పిల్లల మాటల చికిత్స చదవడానికి వచ్చినదాన్ని, అమ్మాయినట. తియ్యగా పిలిచేవాళ్ళ దగ్గర నేను కాస్త జాగ్రత్తగానే ఉంటాను.

గంటన్నరలో ఆ పిల్ల ఒక్కసారి వేలెత్తలేదు. మాటిమాటికీ మూతి ముడుస్తుంది, అంతే. ఉత్త కోపిష్ఠిది.

రోజూ నింపాల్సిన పట్టీ ఇచ్చి వచ్చాను. ‘కావలసినది చూపించింది’ అన్న చోట వేలు చాచిన చెయ్యి బొమ్మ ఉంటుంది, చదువు రానివాళ్ళకి కూడా తెలిసేట్టు. చూపించిన రోజు టిక్కు పెట్టాలి. లోలా దాన్ని క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించింది. అక్కడే ఒక పెన్ను ఎర్రదారానికి వేలాడుతోంది.

ఫిబ్రవరి 8

మా ప్రొఫెసర్ పల్మారెస్ ఎంపిక సంగతి మళ్ళీ చదివి వినిపించారు, మేమేదో మరిచిపోతామన్నట్టు. మార్చి ఎనిమిది, శుక్రవారం. చికిత్స కేంద్రంలో పొద్దుటి బృందానికి ఆరు చోట్లు, వరసలో ముప్ఫై ఒక్కమంది పిల్లలు. మాట రాకపోయినా ఫరవాలేదు, చూపించే బిడ్డ అయితే తీసుకుంటారు. ఇంట్లోవాళ్ళు సహకరించాలి, పట్టీ నమ్మదగినదిగా ఉండాలి. చూపించని బిడ్డ డాక్టరు వరసలోకి పోతుంది. ఆ వరస ఇప్పుడు ఎనిమిది నెలలకి చేరింది. రెండేళ్ళ పిల్లకి ఎనిమిది నెలలంటే బతుకులో మూడోవంతు.

నేను తీసే వీడియోకి రెండో గుర్తులు పెట్టేది నా తోటి విద్యార్థిని హనీలిన్ అట. ఇద్దరం విడివిడిగా చూసి గుర్తులు పెట్టాలి. రెండు కాగితాలూ ప్రొఫెసర్‌గారికి అందేదాకా కేసు గురించి ఒక్క మాట మాట్లాడుకోకూడదు. ఇరవై నాలుగేళ్ళది, నా లెక్క సరిచూస్తుంది! "ఆతే వెంగ్" అని దీర్ఘం తీస్తుంది. అక్కనట. అక్కా అక్కా అంటూనే అక్క కుర్చీ లాగేసే రకాల్ని చాలామందిని చూశాను.

ఫిబ్రవరి 13, మంగళవారం

పట్టీలో ఏడు రోజులకీ ఏడు టిక్కులు. ఒకే సిరా, ఒకే వాటం. నేను వచ్చే ముందు కూర్చుని గబగబా పెట్టేసింది. శిశువిహారంలో హాజరు పుస్తకాలు ఇలా నింపేవాళ్ళని కళ్ళారా చూశాను. నాకా నేర్పేది?

"ఇవన్నీ ఏ రోజువి ఆ రోజే పెట్టారా?"

"మరి? పొద్దున్నే చూపించింది, పెట్టా. చేతికి మెతుకులుంటాయి కదా, కాగితం మీద అంటుకున్నాయి చూడు."

"ఏదీ, ఇప్పుడు చూపించమనండి."

లోలా చేతులు ఆగాయి. నా మొహంలోకి చూసింది. "చెప్తే చూపించేది కాదమ్మా. కావాలంటే చూపిస్తుంది."

ఈసాయ్ నావైపు తిరిగింది. ఒక్క క్షణం నా కళ్ళల్లోకి చూసి మూతి ముడిచింది. ఈ పిల్ల అలకకి వేళాపాళా లేదు. చేతికి కప్పు ఇచ్చాను, సర్దుకుంది.

"నేను అబద్ధం చెప్తున్నాననుకుంటున్నారా?" అంది లోలా.

"అలాగని నేనన్నానా?"

"అనలేదు." మళ్ళీ ఆకు చుట్ట అందుకుంది. వచ్చేటప్పుడు "వెళ్ళి రండి మేడమ్" అంది. పోయినసారి ఇండే, ఈసారి మేడమ్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

ఫిబ్రవరి 14

కొత్త పట్టీలో ఇంకో వరస కలిపాను: ‘ఈల వేసింది’. రెండేళ్ళ పిల్ల ఈలేమిటి? అన్నిటికీ కళ్ళు మూసుకుని టిక్కు పెట్టే మనిషైతే దానికీ పెడుతుంది. పిల్లలతో పనిచేసేవాళ్ళకి ఇలాంటి చిట్కాలు తెలిసుండాలి. ఇది మోసం కాదు. సరిచూడడం.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఇవాళ వీడియో. కెమెరా అలమర మీద పెట్టి ఇరవై నిమిషాలు తీశాను. కొత్త పట్టీ కూడా ఇచ్చి వచ్చాను.

గుర్తులు పెట్టే ఫారంలో ఉన్నట్టు బంతి వైపు వేలు చాపి చూపాను. పిల్ల నా వేలి కొస చూసింది, బంతిని చూడలేదు. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అంతే.

సాయంత్రం కూర్చుని గుర్తులు పెట్టాను. చూపించడం: సున్నా. అలక: పదకొండు. పదకొండుసార్లూ పక్కన ‘తనంతట తానే శాంతించింది’ అని రాశాను. పదకొండు అలకలంటే చిన్న సంఖ్య కాదు.

ఫిబ్రవరి 22

కాలేజీ గ్రంథాలయం కిటికీలోంచి చూశాను. గేటు బయట లోలా పాసింగ్! చేతిలో బుట్ట. గార్డు ఆమెను లోపలికి రానివ్వలేదు, కార్డు లేదుగా. ఆమె పక్కన హనీలిన్. తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. లోలా ఏదో చెప్పబోతుంటే హనీలిన్ చేతులు అడ్డంగా ఊపింది. మెట్లు దిగి నేను వచ్చేసరికి ఇద్దరూ లేరు.

"ఇక్కడ బుట్ట పట్టుకుని నిలబడ్డ ఆమె ఎటెళ్ళింది?" అని గార్డునడిగాను. నోరు తెరవకుండా మూతితో జీప్నీ బళ్ళు ఆగే చోటు చూపించాడు. అప్పటికే వెళ్ళిపోయిందన్నమాట.

మధ్యాహ్నం హనీలిన్ బల్ల మీద రెండు ఇబోస్‌లు. ఎర్రదారం.

"ఎక్కడివి?"

"ఒకావిడ ఇచ్చింది ఆతే. తింటావా?"

"ఎవరావిడ?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "కేసు గురించి మాట్లాడకూడదు కదా ఆతే. కాగితాలిచ్చాక చెప్తాలే."

నేను కేసు గురించి అడిగానా? ఇబోస్ గురించి అడిగాను.

ఫిబ్రవరి 23

ఎర్రదారం ఊళ్ళో ఏ కొట్టులోనైనా దొరుకుతుంది.

అయినా నిప్పు లేనిదే పొగ రాదు.

ఫిబ్రవరి 27, మంగళవారం

‘చూపించింది’ కింద ఏడు టిక్కులు. ‘ఈల వేసింది’ కింద ఏడు ఖాళీలు.

గడుసుది. కనిపెట్టేసింది. లేకపోతే హనీలిన్ చెప్పి ఉంటుంది. ఆ పిల్లకి నా పట్టీలో ఏముందో ఎలా తెలుస్తుందన్నది వేరే సంగతి.

లోలా నాతో మూడు మాటలు మాట్లాడింది. "రండి మేడమ్." "కూర్చోండి." "ఊఁ." గేటు దగ్గరికి ఎందుకొచ్చిందో నేను అడగలేదు, ఆమే చెబుతుందని చూశాను. ఆమె చెప్పలేదు.

ఈసాయ్ నా సంచీ వైపు మూతి ముడిచి, నన్ను చూసి, మళ్ళీ మూతి ముడిచింది. సంచీ అంటే కూడా కోపమేనేమో. బుడగల సీసా తీసి ఊదాను. బుడగల వెంట పరుగెత్తుతూ పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటే జాలేసింది. అలాంటి పిల్లకి ఇలాంటి అమ్మమ్మ.

మార్చి 1

నివేదిక ఇచ్చేశాను. ‘బిడ్డ తనకు కావలసినది చూపించడం లేదు. ఇంట్లో నింపుతున్న పట్టీ నమ్మదగినది కాదు. పొద్దుటి బృందానికి సిఫారసు చేయలేను.’ మూడు వాక్యాలు. నాలుగుసార్లు తిరగరాశాను.

నా పని నేను చేశాను. అబద్ధం మీద కట్టిన వైద్యం బిడ్డకి మేలు చెయ్యదు. నా పని నేను చేశాను.

మార్చి 4

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు ప్రొఫెసర్ పల్మారెస్. చూపించడం: నాది సున్నా, హనీలిన్‌ది పదకొండు.

"పదకొండా? ఏ వీడియో చూశావమ్మా నువ్వు?" అన్నాను.

"అదే వీడియో ఆతే. నిమిషాలు రాశాను చూడు." కాగితం నావైపు తోసింది.

ప్రొఫెసర్‌గారు మమ్మల్ని వాదించుకోనివ్వలేదు. "ఇద్దరూ ఈ పదకొండు చోట్లూ మళ్ళీ చూడండి. చూసిన ప్రతి చోటికీ ఫారంలో టిక్కు పెట్టి, మీ మాట మారిందో లేదో రాయండి. గురువారం సాయంత్రానికి నాకందాలి. శుక్రవారం ఎంపిక, ఒక బిడ్డ చోటు దీనిమీద ఉంది, గుర్తుంచుకోండి." చెబుతూనే ఫారాలు అలమరలో ఉన్నాయని మూతితో చూపించారు. వెళ్ళి తీసుకున్నాను.

ఇప్పుడు అర్థమైంది. ముసలామె గేటు దగ్గరికొచ్చి బతిమాలింది, హనీలిన్ కరిగింది. రెండు ఇబోస్‌లకి పదకొండు గుర్తులు! ఒక్కోదానికి అయిదున్నర.

మార్చి 5, మంగళవారం

మొలో వెళ్ళలేదు. తలనొప్పి అని కబురు పెట్టాను.

మార్చి 7, గురువారం

మళ్ళీ చూడాల్సిందేముంది? నేను ఆ గదిలో ఉన్నాను. నా కళ్ళముందు జరిగింది. తొమ్మిదేళ్ళు పిల్లల మధ్య బతికినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల వేలు పెట్టి చూపిస్తే నేను చూడాలా? పైగా చూస్తే, చూడాల్సిన అవసరం ఉందని ఒప్పుకున్నట్టు.

పదకొండు గళ్ళలోనూ ‘మళ్ళీ చూశాను’ అన్న చోట టిక్కు పెట్టాను. ‘మాట మారలేదు.’ సంతకం. నాలుగు నిమిషాలు పట్టింది.

మార్చి 8, శుక్రవారం

ఈసాయ్‌కి చోటు రాలేదు.

ఆరుగురి పేర్లూ గోడకి అంటించారు. నా కేసుని గొడవలోకి లాగి హనీలిన్ తన కేసుకి చోటు తెచ్చుకుని ఉంటుందని, ఆ గుట్టంతా అక్కడే బయటపడుతుందని వేలు పెట్టి వరసగా చదివాను. ఆమె కేసు లేదు. ఆమె నా పక్కనే నిలబడి అదే జాబితా చూస్తోంది. ఏడుస్తోంది. తన కేసు కోసం అనుకున్నాను.

"ఈసాయ్ పేరు లేదు ఆతే" అంది.

మార్చి 9, శనివారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్ళాను. హనీలిన్ మీద ఫిర్యాదు రాద్దామని. రాయాలంటే రుజువు కావాలి కదా, అందుకని ఆమె రాసిన నిమిషాలు ముందు పెట్టుకుని వీడియో తెరిచాను. ఇయర్‌ఫోన్స్ ఇంట్లో మరిచిపోయాను. శబ్దం లేకుండానే చూశాను.

మూడో నిమిషం, పన్నెండో సెకను. ఈసాయ్ నిలబడి ఉంది. నన్ను చూసింది. పెదాలు ముందుకు చాచి అలమర వైపు చూపింది. అలమర మీది కప్పును చూసింది. మళ్ళీ నన్ను చూసింది. తెర అంచున నా మొహం సగం కనిపిస్తోంది. నేను అలమర వైపు తిరిగాను. కప్పు తీశాను. చేతికిచ్చాను. పిల్ల తాగింది.

నా కాగితంలో ఆ చోట ఏముంది? ‘అలక. కారణం తెలియదు. తనంతట తానే శాంతించింది.’

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. కప్పు ఇచ్చినట్టు నాకు గుర్తే లేదు. ఎవరో నా బట్టలు కట్టుకుని నా బదులు అక్కడ కూర్చున్నట్టుంది.

ఆరో నిమిషం, కిటికీలో పిల్లి. పిల్ల మూతితో చూపింది, నేను తిరిగి పిల్లిని చూసి నవ్వాను. అలక. ఏడో నిమిషం, బల్లకింద దొర్లిపోయిన చెంచా. అలక. పదకొండు చోట్లా అంతే. పదకొండుసార్లు ఆ బిడ్డ నాతో మాట్లాడింది, పదకొండుసార్లు నేను బదులిచ్చాను, ఇంటికొచ్చి ఏమీ జరగలేదని రాశాను.

అసలైనది పదమూడో నిమిషంలో ఉంది. వేలు చాపి రెండుసార్లు విఫలమయ్యాక విసుగొచ్చి చెయ్యి దించేశాను. అప్పుడు నేను, నేనే, మూతి చాచి బంతిని చూపించాను. ఈసాయ్ టక్కున తిరిగి, వెళ్ళి, బంతి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దానికి నేను ‘యాదృచ్ఛికం’ అని రాశాను.

మా అమ్మ అలాగే చూపించేది. గార్డు అలాగే చూపించాడు. ప్రొఫెసర్‌గారూ అంతే. ఈ ఊళ్ళో వేలితో చూపించేది ఎవరని? అలా వేలు చాపితే మర్యాద కాదని శిశువిహారంలో పిల్లల చేతులు దించింది నేనే కదా! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాను. వెతకడమైనా కాదు, ఆ బిడ్డ చంక దిగి ముందుకొచ్చి నిలబడితే అలిగిందని రాశాను.

పెన్ను ఎర్రదారానికి కట్టి ఉంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే పెన్ను. ఒకే సిరా కాక మరేముంటుంది? మొదటిరోజే ఇందులో రాసుకున్నాను.

పదకొండు టిక్కులు చూడకుండా, ఒకే పెన్నుతో, ఒకే విడతలో పెట్టింది లోలా కాదు. నేను.

మార్చి 11, సోమవారం

ప్రొఫెసర్ పల్మారెస్‌కి చెప్పేశాను. నిలబడే చెప్పాను.

"మేడమ్, గురువారం నేను చూడకుండానే టిక్కులు పెట్టాను. శనివారం చూశాను. హనీలిన్ చెప్పిందే నిజం."

ఆవిడ అద్దాలు తీసి తుడుచుకున్నారు. కోప్పడతారని చూశాను. కోప్పడితే బాగుండేది.

"ఆ ఫారం, ఆ పట్టీ చేసింది నేను వెంగ్. వేలి బొమ్మ దగ్గరుండి వేయించాను. పన్నెండేళ్ళుగా వాడుతున్నాం. ఇంకెంతమంది పిల్లల్ని డాక్టరు వరసలోకి తోశామో." అద్దాలు మళ్ళీ పెట్టుకుని, "కాని ఆ పదకొండు టిక్కులు నావి కావు" అన్నారు.

"కావు మేడమ్."

"ఇచ్చిన చోటు ఇంకో బిడ్డ నుంచి లాక్కోలేను. జూన్ జాబితాలో ఈసాయ్ పేరు మొదట ఉంటుంది. నీ క్షేత్రాభ్యాసం లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి."

"పాత ఫారాలు ఎక్కడున్నాయి మేడమ్? చూస్తాను."

ఆవిడ మూతి చాచి కింది సొరుగు చూపించారు. చూపించాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వు రాలేదు.

బయట హనీలిన్ నిలబడి ఉంది. "నువ్వెలా చూశావే?" అన్నాను.

"మా అమ్మ బజారులో చేపలు కోస్తుంది ఆతే. చేతులెప్పుడూ పొలుసే. మా ఇంట్లో అందరం మూతులతోనే పెరిగాం."

"ఆరోజు గేటు దగ్గర..."

"నీకోసం వచ్చింది ఆవిడ. నువ్వు నమ్మట్లేదని, ఎలా చెప్తే నమ్ముతావో కనుక్కుందామని. నేను వినకూడదు, రూలు. వద్దన్నాను. ఊరికే వెళ్ళలేక ఇబోస్‌లు చేతిలో పెట్టి పోయింది." కాళ్ళవైపు చూసుకుంటూ, "ఆ రూలు పాటించకుండా ఉండాల్సింది ఆతే" అంది.

ఈ పిల్ల మీద ఫిర్యాదు రాయబోయాను నేను.

మార్చి 12, మంగళవారం

లోలా బియ్యంలో చేతులు పెట్టి ఉంది. లేవలేదు. కూర్చోమని చూపించలేదు. నిలబడే అంతా చెప్పాను, చోటు పోయిందని, నావల్లే పోయిందని, జూన్ దాకా ఆగాలని. ఒక్కటీ దాచలేదు.

ఆమె వింటూ ఆకు చుట్టలో బియ్యం కూరుతూనే ఉంది. దారం కట్టింది. ఇంకొకటి తీసింది.

"మీ కాగితంలో వేలు బొమ్మ ఉంది. చూశా. చూపించిందా అని అడుగుతున్నారు, వేలైతేనేం మూతైతేనేం అనుకున్నా. నా చేతులు ఎప్పుడు ఖాళీ మేడమ్, దానికి వేలు నేర్పడానికి?"

కింద పడిన ఆకు తీసి ఆమె పక్కన పెట్టాను.

"ఆ ఈల సంగతేమిటి? ఈల వేసిందా అని ఉందని పక్కింటావిడ చదివి చెప్పింది. ఇంత పిల్లకి ఈల ఎలా వస్తుంది, పాపం చదువుకున్నావిడ తెలియక రాసిందేమో అని నవ్వుకున్నా." చేతులాపి నన్ను చూసింది. "అది నాకు పెట్టిన పరీక్షా?"

"అవును లోలా."

"ఓహో" అంది. ఆ ఒక్క మాటకి నాకు నేలలోకి దిగిపోదామనిపించింది. సిగ్గంటే ఇదని ఇన్నేళ్ళకి తెలిసింది.

చేతిలో ఉన్న చుట్ట కట్టి, మూతి చాచి క్యాలెండర్ వైపు చూపించింది. పట్టీ ఉంది. ఇవాళ్టి గడి ఖాళీగా ఉంది. పెన్ను వేలాడుతోంది.

"నేను పెడితే నమ్మరుగా. మీరే కూర్చుని పెట్టండి మేడమ్."

కూర్చున్నాను. కెమెరా లేదు, ఫారం లేదు, ఈ వారం నుంచి ఈ ఇంటికి రావడానికి మార్కులూ లేవు. ఈసాయ్ నన్ను దూరంనుంచి కాసేపు పరికించింది. పోయిన మంగళవారం నేను రాలేదుగా. తరవాత దగ్గరికొచ్చి, నా సంచీ చూసి, నన్ను చూసి, పెదాలు చాచింది.

"బుడగలా?" అన్నాను. "బుడగలు కావాలా?"

మళ్ళీ చాచింది, ఇంత చెప్పినా అర్థం కాదేం అన్నట్టు. సీసా తీశాను.

గంటసేపున్నాను. కప్పు, పిల్లి, చెంచా, బుడగలు, బుడగలు, అమ్మమ్మ చేతిలో ఎర్రదారం, వీధిలో కుక్క, మళ్ళీ బుడగలు. గడిలో అన్ని టిక్కులు పట్టవని, జరిగినప్పుడల్లా లేచి వెళ్ళి ఒక్కొక్క గీత గీశాను. లోలా చూడనట్టే చూస్తూ ఉంది. నాకు ఇబోస్ పెట్టలేదు.

మొత్తం పద్నాలుగు. అన్నీ చూశాను.